బత్తాయి తొక్కలు

మా అక్క అండాలు చండూరు బస్టాండుకాడ
బత్తాయి రసం బండి నడుపుతది.
పొద్దూకి ఇంటికొచ్చేటప్పుడు
అమ్ముడుపోయిన గ్లాసుల లెక్కొకటి,
యూరియా సంచిల సగం దాకా తొక్కలు
తెస్తది.

లెక్క తనది. తొక్కలు నావి.

కిటికీ చెక్కకు, గడప మూలలకు, బియ్యం డబ్బా ఎనుక
పచ్చి తొక్కను మలిచి పిండుత.
సన్నటి తుంపర లేస్తది, కండ్లు మండుతయ్.
సాలీడు కాళ్లతోనే రుచి చూస్తదట,
ఈ గాటు తగిలిన గోడ మీద అడుగు పెట్టదట.
నాకు చెప్పింది అక్క,
అక్కకు చెప్పింది హాలియా నుంచి కాయ తెచ్చే ఆటో గోవర్ధన్.
నిజమో అబద్ధమో,
ఇల్లయితే కమ్మగ వాసనొస్తది.

నా చెయ్యి అందినంత మేరకే నా రాజ్యం.
ఆ పైన ఏమున్నదో నాకు తెల్వదు.
చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లు
ఎన్నుపూసల నడుమ సున్నం లెక్క గట్టిపడ్డయ్.
మెడ తిరగదు, లేవదు.
నిలబడి మొగులు చూసి ముప్పై ఏండ్లాయె.

అందుకే ఆదివారం అక్క కర్రకు చీపురు కట్టంగనే
నేను ఇత్తడి తాంబాళంల నీళ్లు పోసుకొని
ఒళ్లె పెట్టుకుంట.
ఇంటి కప్పు మొత్తం దిగొచ్చి
నా మోకాళ్ల మీద కూసుంటది.
"రెండో దూలం పక్కన, అక్కా. ఎడమకు.
నీ ఎడమ కాదు, నీళ్ల ఎడమ."
ఆమె తిట్టుకుంటనే దులుపుతది.
బూజు రాలి తాంబాళంల పడ్తది,
కప్పంతా వణికి మళ్ల సర్దుకుంటది.
మెడ వంచిన నీళ్లే
పైకి చూసుడు నేర్పినయ్ అని నేనొకపారి అంటే
"కైతలు చాలు, ఇంకెక్కడున్నదో చెప్పు" అన్నది.

మేము మందు కొట్టం.
మందు కొట్టిన ఇంట్ల బల్లి సుత మిగలదు,
మనిషి దగ్గు మాత్రం మిగుల్తది.
వేపనూనెల కొంచెం కుంకుడు రసం,
లేకుంటే పుదీన మరగబెట్టిన నీళ్లు,
పాత గుడ్డతో మూలలకు అద్దుతం.
అసలు మందు వేరే ఉన్నది, పైస ఖర్చు లేనిది.
వాకిట్ల బుగ్గ బందు పెట్టుడు.
బుగ్గ ఎలిగితే రెక్కల పురుగులొస్తయ్,
వాటెంబడి ఇదొస్తది.
దావతు మనమే ఇచ్చి
చుట్టమొచ్చిందని చీపురు పట్టుడేంది?

పక్కింటి చెరిపల్లి బిక్షం మగ్గం నేస్తడు.
మా గోడ మీది గూడు చూసి
"దీనికి నూలు బాకీ లేదు, సేటు లేడు,
ఎందుకు తరుముతరే?" అంటడు.
ఆయన ఇంట్ల గూడు పెడితే మాత్రం
చెప్పు తీస్తడు.

ఇంటెనుక బీర పందిరి జోలికి మేం పోము.
అక్కడ ఒక్క తొక్క సుత వెయ్యం.
పసుపు చారలదొకటి వల కట్టి నడుమ కూసుంటది,
పూత మీదికొచ్చే ఎర్ర పెంకుపురుగును
చుట్టి చుట్టి మూట కడ్తది.
పందిరి దానిది, గడప ఇవతల మాది.
కాగితం రాసుకోలేదు గానీ
ఇద్దరం మాట తప్పలేదు.

మొన్న నాకు నాలుగు రోజులు జ్వరం.
కిటికీల తొక్కలు ఎండి
ముసలోళ్ల చెవుల లెక్క ముడుచుకున్నయ్.
ఐదో రోజు పొద్దూకంగ
చేతికర్ర కోసం చెయ్యి సాపిన.
కర్రకూ మంచం పట్టెకూ నడుమ
బెత్తెడు వల.
తాంబాళం లేదు, నీళ్లు లేవు,
సరిగ్గ నా కండ్లకు ఎదురుంగ.
ఇన్నేండ్లకు ఒకదాని కాళ్లు లెక్కపెట్టిన.
ఏడు.
ఎనిమిదోది ఎక్కడ పోగొట్టుకున్నదో.

అక్క సంచి దించింది. తొక్క తీసుకొని రాబోయింది.
"ఆగు. నేను లేస్తున్న గదా" అన్న.
కర్ర అందుకున్న.

ఏడు కాళ్లు మంచం కిందికి,
మూడు కాళ్లు వాకిట్లకు,
బుగ్గ బందు పెట్టనీకి.